దారి పక్కన ఏరినవి

జనవరి 12

తమ్ముడూ,

ఎప్పుడూ కాలుపెట్టని చోటు గురించి "ఇక్కడ ఇలా ఉంది, ఇకముందు ఇలా చెయ్యాలి" అని రాసి సంతకం పెట్టే హక్కు మనిషికి ఎక్కడినుంచి వస్తుంది? పదకొండేళ్ళుగా ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. విశ్వవిద్యాలయంలో ఈ బల్ల ముందు కూర్చున్నప్పటినుంచీ మీ అడవిలాంటి రక్షిత అడవులు ఆరింటి గురించి రాశాను. ఒక్కదాంట్లోనూ పట్టుమని పదడుగులు వెయ్యలేదు. జలగలంటే నాకు ఎంత భయమో నీకు తెలుసు. నాకు అడవంటే అట్టపెట్టెలో వచ్చేది. గుడ్డ సంచుల్లో ఎండిపోయి, మెడకి చీటీ కట్టించుకుని వస్తుంది.

నిన్న నీ మొదటి పెట్టె అందింది. పార్సిల్ ఆఫీసు గుమాస్తా "ఏముంది మేడమ్ ఇందులో, ఇంత కంపు?" అన్నాడు. "చిరుతపులి పెంట" అన్నాను. నవ్వాడు. నేను నవ్వకపోయేసరికి పెట్టెని చేత్తో ముట్టుకోకుండా కాలితో నా వైపు తోశాడు. ఇన్నేళ్ళయినా నాకూ అలవాటు కాలేదు. ఎండబెట్టడం, కొళాయి కింద జల్లెట్లో కడగడం, మిగిలిన వెంట్రుకలూ ఎముక ముక్కలూ పట్టకారుతో ఏరడం. మా దగ్గర జల్లెళ్ళు కడిగే పెద్దాయన హాయిగా ముక్కుకి తడిగుడ్డ కట్టుకుంటాడు. నేను పరువుకి పోయి కట్టుకోను. నువ్వు ఉత్తరం కూడా ఆ పెట్టెలోనే పడేశావు కాబట్టి దాన్ని గంటసేపు బాల్కనీలో ఆరేసి అప్పుడు చదివాను. "మీ తమ్ముడి ప్రేమ చాలా ఘాటుగా ఉందోయ్" అన్నారు మీ బావ. మీకు అక్కడ సిగ్నల్ వచ్చేదాకా మన రాతకోతలన్నీ ఇలా పెంటతో కలిసి రావలసిందే కాబోలు.

పని సంగతి. మార్చి ఆఖరికి రిపోర్టు ఇవ్వాలి. చిరుతలు ఏం తిని బతుకుతున్నాయో నేను చెబితే, దాన్నిబట్టి మీ శాఖ రక్షిత ప్రాంతం హద్దు ఎక్కడ గీయాలో చూసుకుంటుందట. నూటయాభై నమూనాలు కావాలి. రేంజి ఆఫీసరువి కదా అని, ఆ మోకాలితో లోయల్లోకి దిగి వెతక్కు. పోయిన వానాకాలం జారిపడి మూడు నెలలు మంచమెక్కింది చాలు. చిరుతలూ మనలాగే బద్ధకపువి, మంచి దారుంటే దారినే నడుస్తాయి. జీపు దారి పక్కన కనిపించినవి ఏరు. దారి వదలకు. ఇది అక్కగా చెబుతున్న మాట. పరిశోధకురాలిగా అడిగితే వేరే చెబుతానేమో, అందుకని అడక్కు.

జల్లెడ పక్కనుంచి,
అక్క


ఫిబ్రవరి 2

అక్కా,

హక్కు ఎక్కడినుంచి వస్తుందని అడిగావు. పై ఆఫీసు నుంచి వస్తుంది, మూడు ప్రతుల్లో. ఇంత చిన్న విషయానికి పదకొండేళ్ళు బుర్ర పాడుచేసుకున్నావా?

ఇక్కడ కాలం కాని కాలంలో తొమ్మిది రోజులుగా ఆగని వాన. నా బెల్టుకి బూజు పట్టింది, బూట్లకి పట్టింది, గోడమీద మన అమ్మ ఫోటోకి పట్టింది. నిన్న తుడుస్తుంటే ఆవిడకి గడ్డం గీస్తున్నట్టే ఉంది. ఈ పెట్టెలో డెబ్బై రెండు సంచులున్నాయి. నీ మాట తూచా తప్పకుండా దారి వదల్లేదు. గేటు నుంచి అతిథి గృహం దాకా కిలోమీటరు లోపే ఇన్నీ దొరికాయి, మొదటి పెట్టెలోవీ ఇక్కడివే. నీ ఉద్యోగం ఇంత తేలికని తెలిస్తే నేనూ చదువుకునేవాణ్ణి.

లోపల అడవిలో పద్దెనిమిది ఇళ్ళ వాడ ఒకటుందని చెప్పానుగా, తేనె తీసి బతికేవాళ్ళది. వాళ్ళలో పెద్దావిణ్ణి నేను తేనె పెద్దమ్మ అంటాను. నేను వంగి వంగి ఏరుతుంటే చూసి నవ్వీ నవ్వీ అక్కడే కూలబడింది. "ఇంత చదువు చదివి చివరికి ఇదా అయ్యా ఏరుకునేది?"

"మా అక్క ఇంకా ఎక్కువ చదివింది పెద్దమ్మా. ఆవిడ వీటిని కడుగుతుంది" అన్నాను.

"అయ్యో పాపం, పెళ్ళయిందా ఆయమ్మకి?" అంది.

అతిథి గృహం మాత్రం వెలిగిపోతోంది. శాఖవాళ్ళు దాన్ని ఒక కంపెనీ చేతిలో పెట్టారు. మేనేజరుకి నేను పెట్టిన పేరు ఇస్త్రీ. ఇంత వానలోనూ చొక్కా మడత నలగదు. వెనకవైపు అద్దాల గోడతో మంచె కట్టించాడు. అందులో సోఫాలు, చల్లగాలి మిషను. అడవికొచ్చి అడవిగాలి తగలకుండా కూర్చుంటారు. వెళ్ళేటప్పుడు తడి కాగితం రుమాళ్ళు కారు కిటికీలోంచి పారేస్తారు, అవి మర్రి ఊడల్లా ఫెర్న్ మొక్కల మీద వేలాడతాయి. మొన్న ఒకాయన వాచీ చూసుకుంటూ "చిరుత ఎన్నింటికొస్తుంది?" అన్నాడు. అదేమన్నా బస్సా అనబోయి నోరు మూసుకున్నాను. ఎందుకంటే ఇక్కడ దానికీ ఓ టైముంది.

బావగారికి నా ఘాటైన నమస్కారాలు.

బూజుపట్టిన నీ తమ్ముడు


ఫిబ్రవరి 21

ఒరేయ్,

తేనె పెద్దమ్మతో నాకు పెళ్ళయి ఇరవై ఏళ్ళయిందనీ, ఆయన ఇంకా పారిపోలేదనీ చెప్పు.

వెంట్రుక చూసి జంతువుని గుర్తుపట్టడానికి నేను రంగులేని గోళ్ళరంగు వాడతాను. గాజుపలక మీద పూసి, వెంట్రుకని అందులో అద్ది, ఆరాక తీసేస్తే దాని పొలుసుల అచ్చు మిగులుతుంది. మందుల షాపులో ఒకేసారి ఆరు సీసాలు కొంటే మీ బావ "ఈ వయసులో ఎవరి కోసం?" అన్నారు. "మేకల కోసం" అన్నాను. అప్పటికి నిజంగానే అవి మేకలని తేలింది.

మొదట నమ్మలేదు. జింక అయుంటుందని మళ్ళీ మళ్ళీ చూశాను. కళ్ళు మండేదాకా చూశాను. నూట పది సంచుల్లో డెబ్బైకి పైగా మేక వెంట్రుకే. చాలావాటిలో నీలం నైలాను పోగులు కూడా ఉన్నాయి. తాడుతో సహా మింగింది. పట్టకారుతో ఆ నీలం పోగుని లాగుతుంటే వాంతి వచ్చినంత పనైంది. పెంట వల్ల కాదు, అది రోజూ ఉన్నదే. అంత పెద్ద అడవి మధ్య, అంత అందమైన జంతువు కడుపులో ఆ నీలం రంగేమిటని.

మేకల సంగతి నాకర్థమైంది. నువ్వెందుకు రాయలేదో కూడా అర్థమైంది. నీ చేతుల్లో లేని పని, చూసీ చూడనట్టు ఊరుకుని ఉంటావు. నిన్నేమీ అనను. రిపోర్టులో నీ మీదకి రాకుండా రాస్తాను. దీని గురించి మళ్ళీ ఉత్తరంలో ఏమీ రాయకు, ఈ పెట్టె ఎంతమంది చేతులు మారి వస్తుందో తెలియదు.

మోకాలికి వేణ్ణీళ్ళ కాపడం పెట్టు.

అక్క


మార్చి 6

అక్కా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ఎంత తేలికపడ్డానో ఎలా చెప్పను. రెండేళ్ళుగా గొంతులో ముల్లులా ఉంది, ఎవరితోనైనా చెప్పుకుందామంటే ఇక్కడ ఉన్నది నేనూ, వానా, ఇస్త్రీ. నేను నోరు విప్పకుండానే కనిపెట్టేశావు. పెంట చూసి తమ్ముడి కడుపులో ఏముందో చెప్పిన అక్క లోకంలో నువ్వొక్కదానివే.

రాయద్దన్నావు, రాయను. ఆఖరి నలభై సంచులు పంపుతున్నాను. ఇవీ అక్కడివే.

ఒక్క మాట. నన్ను కాపాడతానన్నావు, అది మర్చిపోను.

తమ్ముడు


ఏప్రిల్ 8

తమ్ముడూ,

రిపోర్టు వెళ్ళిపోయింది. మా శాఖాధిపతి, అదే పెద్దసారు, చదివి "ఇన్నాళ్ళకి మన ల్యాబు నుంచి పనికొచ్చే మాటొకటి బయటికొచ్చింది" అన్నాడు. ఆయన మెచ్చుకుంటే నాకెందుకో ఒళ్ళు దులుపుకోవాలనిపిస్తుంది.

నీ మాట ఎక్కడా రానివ్వలేదు. మేకల దగ్గర "స్థానిక కారణాలు" అని రాసి వదిలేశాను. ఆయన ఒప్పుకోలేదు. "కారణాలంటే ఏమిటమ్మా? తేల్చి చెప్పాలి. తేల్చకపోతే రిపోర్టెందుకు?" అన్నాడు. తేల్చి ఒక పేరా రాశాను. ఆ పేరా తీసేద్దామా అని మూడుసార్లు ఫైలు తెరిచాను. తీసేయడానికి నా దగ్గర కారణం లేదు, అనుమానం మాత్రమే ఉంది. నాకు అనుమానం దేని మీద లేదు గనక? పొద్దున్న తలుపు తాళం వేశానా లేదా అని మెట్లు దిగి మళ్ళీ ఎక్కే మనిషిని. అందుకని ఉంచేశాను.

చేతులకి ఇంకా వాసన పోలేదు. మూడు రకాల సబ్బులు మార్చాను.

అక్క


మే 12

అక్కా,

ఇక్కడంతా గొడవగా ఉంది. తేనెవాళ్ళ వాడకి నోటీసు వచ్చింది. పద్దెనిమిది ఇళ్ళూ రక్షిత ప్రాంతం బయటికి వెళ్ళిపోవాలట. నేనే వెళ్ళి అంటించాను, మరి నా డ్యూటీ అది. ఎందుకో చదివి చెప్పమన్నారు. చదివాను. ఆవాసంలోని జనం అడవిలోపల మేకల్ని పెంచుతున్నారట, చిరుతలు వాటికి మరిగి వేట మానేస్తున్నాయట, ఇది ఒక శాస్త్రీయ నివేదికలో రుజువైందట.

 చదవడం అయ్యాక తేనె పెద్దమ్మ లేచి, "అయ్యా, మా మేకలు ఎక్కడున్నాయో నువ్వే కాస్త చూపించి పో. తోలుకుపోతాం" అంది. అందరూ పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. ఆ తర్వాత నవ్వలేకపోయాను.

వాళ్ళకి మేకలెక్కడివక్కా? వాడ మొత్తం వెతికినా ఒక్క మేకపిల్ల కనబడదు. మేకలుంటే పూలమొక్కలు మిగలవు, పూలు లేకపోతే తేనె ఎక్కడిదని పెద్దమ్మ ఎవర్నీ పెంచనివ్వదు. అసలు సంగతి తెలిసిన నువ్వు ఇలా రాయవు, మరి ఏ మహానుభావుడు రాశాడో ఈ చెత్త! చల్లగా గదిలో కూర్చుని, ఒక్కసారి వచ్చి కళ్ళతో చూడకుండా! నీకు విశ్వవిద్యాలయాల్లో అందరూ తెలుసుగా, ఎవడో కాస్త కనుక్కుని చెప్పు. దొరికితే వాణ్ణి ఇక్కడికి తీసుకొచ్చి జలగలకి అప్పజెబుతాను.

లారీలు సోమవారం వస్తాయంటున్నారు.

తమ్ముడు


మే 20

తమ్ముడూ,

ఆ చెత్త రాసింది నేను.

నీ ఉత్తరం పట్టుకుని ల్యాబు బాత్రూములో కూర్చున్నాను. బయట జల్లెళ్ళ పెద్దాయన "అమ్మా, బాగానే ఉన్నారా?" అని రెండుసార్లు తలుపు తట్టాడు. బాగానే ఉన్నానన్నాను. అదొక అబద్ధం.

నా వరకు నేను ఇలా అనుకున్నాను. అడవిలోపల మనుషులున్నారు. మేకలున్నాయి. కనుక మనుషులవే మేకలు. నువ్వు జాలిపడి వాళ్ళని పట్టివ్వకుండా ఊరుకున్నావు. "మేకల సంగతి అర్థమైంది" అని రాసింది దాని గురించే. నువ్వు దానికి జవాబుగా గొంతులో ముల్లు పోయిందని రాశావు. నీ మెత్తని మనసు చూసి నేను మురిసిపోయాను కూడా. ఇప్పుడు ఆ ఉత్తరం మళ్ళీ తీసి చదివాను. అందులో జాలి గురించి ఒక్క మాట లేదు. "నన్ను కాపాడతానన్నావు" అని ఉంది. దేని నుంచిరా?

తిప్పకుండా చెప్పు. ఆ మేకలు ఎవరివి? ఆ నీలం తాడు ఎవరు కట్టారు? చిరుతకి టైము ఎలా వచ్చింది?

జోకులు వద్దు.

అక్క


మే 28

అక్కా,

నీకు తెలుసనే అనుకున్నాను. ఒట్టు. నాకర్థమైంది అని నువ్వే రాశావు, ఇంకేం రాయకు అన్నది కూడా నువ్వే.

మంగళవారం, శనివారం సాయంత్రం ఆరింటికి అద్దాల మంచె కింద గుంజకి ఒక మేకని కడతారు. నీలం తాడు ఇస్త్రీ తెప్పిస్తాడు. బయటి నుంచి మేక రావాలంటే గేటు రిజిస్టరులో నా సంతకం ఉండాలి. "వంటశాల నిమిత్తం" అని రాసి పెడతాను. రెండేళ్ళుగా పెడుతున్నాను. మొదట్లో కట్టేది కూడా నేనే, వాళ్ళ పనివాళ్ళు భయపడేవారు. మేక అరుస్తుంది కదా. ఒకావిడ పిల్లలు ఆ అరుపు వినలేకపోతున్నారని ఫిర్యాదు చేసింది. మేకని మానేస్తాడేమో అనుకున్నాను. ఇస్త్రీ మంచెలో స్పీకర్లు పెట్టించి, ఆ పది నిమిషాలూ వేణువు వేయిస్తున్నాడు. ఇప్పుడు ఆ పాట మొదలైతే చాలు, చిరుతలు వచ్చి కూర్చుంటాయి.

ఛీ అనుకుంటున్నావు కదూ. అనుకో. నేను రోజూ అద్దంలో చూసుకుని అనుకునేదే.

కానీ ఇదీ విను. ఆ మంచె ఎక్కే జనం రావడం మానేస్తే ఈ అడవి ఎవరిక్కావాలి? దక్షిణం వైపు నుంచి రోడ్డు వేస్తామని మూడేళ్ళుగా సర్వేలు చేస్తున్నారు. చిరుత కనపడే అడవి కాబట్టి ఆగింది. పై ఆఫీసులో నాతో "నువ్వు కళ్ళు మూసుకుంటే అడవి కళ్ళు తెరిచి ఉంటుంది" అన్నారు. నమ్మాను. సగం నమ్మాను.

లారీలు వచ్చాయి. ఆరు ఇళ్ళు ఎత్తేశారు. హైవే పక్కన రేకుల షెడ్లలో పెట్టారు.

రిపోర్టు వెనక్కి తీసుకుంటానని అంటావని తెలుసు. తీసుకుంటే ఎందుకో చెప్పాలి. చెబితే ప్రతి సంచి చీటీ మీదా ఉన్నది నా సంతకం. ఇంకా ఐదేళ్ళ సర్వీసుంది నాకు. ఒంటిగాణ్ణి, ఈ క్వార్టరు తప్ప ఇల్లు లేదు. ఏదైనా వేరే దారి చూడక్కా. నీకు చదువుంది.

తమ్ముడు


జూన్ 9

తమ్ముడూ,

వేరే దారి నాలుగు రోజులు వెతికాను. ప్రతి దారీ చివరికి, ఆ వాడవాళ్ళు షెడ్లలోనే ఉండిపోవడం దగ్గరే ఆగింది.

ఐదో రోజున పెద్దసారు దగ్గరికి వెళ్ళి నమూనాలు తప్పని చెప్పాను. నూటయాభైలో ఒక్కటి కూడా అతిథి గృహానికి కిలోమీటరు దాటి తీసింది లేదనీ, అక్కడ మేకని కట్టి చిరుతల్ని మేపుతున్నారనీ, నేను చెప్పింది అడవి మొత్తం సంగతి కాదనీ, ఒక గుంజ చుట్టూ ఉన్న సంగతనీ చెప్పాను. ఆయన మొదట తలుపు వేశాడు.

"చిన్న పొరపాటు. వచ్చే రిపోర్టులో ఫుట్‌నోటు పెడదాం."

"వచ్చే రిపోర్టు మూడేళ్ళకి సార్. వాళ్ళ ఇళ్ళు ఇవాళ ఎత్తేస్తున్నారు."

"ఎవరో నలుగురు తేనెవాళ్ళ కోసం ల్యాబు పేరు మట్టిలో కలుపుతావా? అయినా అడవిలో మనుషులుంటే ఎప్పటికైనా ఇబ్బందే కదమ్మా. కారణం తప్పయినా జరిగింది మంచికే అనుకో."

ఆ మాట ఆయన ఎంత మెత్తగా అన్నాడో తెలుసా! నోట్లో ఏదో కుళ్ళిన పదార్థం పెట్టుకుని చప్పరిస్తున్నట్టు. నాకు ఆయన మీద వచ్చిన అసహ్యం కన్నా, ఏప్రిల్లో ఇదే గొంతు మెచ్చుకుంటే లోపల నేను కాస్త పొంగానన్నది గుర్తొచ్చి ఎక్కువ అసహ్యం వేసింది.

సొంతంగా ఉత్తరం రాసి, మీ ప్రధాన కార్యాలయం తపాలా విభాగంలో ఇచ్చి ముద్ర వేయించుకున్నాను. నీ పేరు రాయలేదు. రాయకపోవడం వల్ల ఒరిగేదేమీ లేదని నీకూ తెలుసు, నాకూ తెలుసు. సంచులు అడిగారు, పంపాను. దారి వదలకుండా ఏరమని చెప్పింది నేనేనని కూడా రాశాను. జనవరి ఉత్తరంలోని ఆ వాక్యం ఎత్తి రాశాను. దాన్ని చదివి అక్కడి అధికారి "ఇది కుటుంబ విషయం, తీసెయ్యండి" అన్నాడు. తీసెయ్యలేదు.

కోపం తెచ్చుకో. జవాబు మాత్రం రాయి.

అక్క


జూలై 3

అక్కా,

రాయాలనుకోలేదు. రాస్తున్నాను.

సస్పెండయ్యాను. వన్యప్రాణుల్ని అక్రమంగా మేపినందుకూ, రిజిస్టరులో తప్పుడు రాతలు రాసినందుకూ. ఇస్త్రీ విచారణలో చెప్పింది చూశాను: "మేకలు వంటశాలకని ఆఫీసరుగారే రాసిచ్చారు, మేం నమ్మాం." చొక్కా మడత నలగలేదు. గుంజ పీకేశారు. మంచె మాత్రం ఉంది, వేణువూ ఉంది. పాట వేసినప్పుడల్లా చిరుతలు వచ్చి కూర్చుంటున్నాయి, మేక లేక మంచె చుట్టూ తిరుగుతున్నాయి. మొన్న ఒకటి వంటవాళ్ళ గది గుమ్మం దాకా వచ్చింది. ఇవి ఇంక వేటాడతాయో లేదో నువ్వే చెప్పాలి, పరిశోధకురాలివి.

పదకొండు ఇళ్ళు పోయాక ఎత్తివేత ఆపారు. ఎత్తేయడానికి మూడు వారాలు పట్టింది. తిరిగి తీసుకురావడానికి కమిటీ వేశారు.

నువ్వు చేసింది తప్పని అనలేను. కానీ ఒకటి అడుగుతాను. ఉత్తరం ఇచ్చే ముందు నాకో పది రోజులు గడువు ఇచ్చి, "నువ్వే వెళ్ళి ఒప్పుకోరా" అని ఎందుకనలేదు? ఒప్పుకునేవాణ్ణేమో. నాకా అవకాశం లేకుండా చేసి నీ సంతకం కడుక్కున్నావు.

ఈ నెల ముప్పై ఒకటికి క్వార్టరు ఖాళీ చెయ్యాలి. సామాను ఎక్కువేం లేదు, సగం బూజు. మీ ఇంటికి రానా? కొన్నాళ్ళే. వద్దంటే నాకర్థమవుతుంది. రమ్మన్నా అర్థమవుతుందో లేదో తెలియదు.

తమ్ముడు


జూలై 16

తమ్ముడూ,

నీ ఉత్తరం అందిన మర్నాడే ఇంటి దగ్గర బస్సెక్కి, హైవే పక్కన ఆ షెడ్ల దగ్గరికి వెళ్ళాను. క్షమాపణ చెప్పాలని. వాళ్ళకి అది ఎందుకు పనికొస్తుందో ఆలోచించకుండా వెళ్ళాను. రేకుల గదులు వరసగా పదకొండు, గోడల మీద నంబర్లు. లారీలు పోయినప్పుడల్లా రేకులు అదురుతున్నాయి. ఒక గది ముందు అప్పుడే కడిగిన తేనె డబ్బాలు బోర్లించి ఉన్నాయి, ఖాళీవి. ఆ పక్కనే కూర్చున్నావిడ తేనె పెద్దమ్మ అని చూడగానే తెలిసింది.

నేనెవరో చెప్పాను. ఏం చేశానో కూడా చెప్పాను. చాలాసేపు నా చేతులు చూసింది.

"ఈ చేతులతోనా కడిగేది?"

"అవును."

"కడిగి కూడా తెలుసుకోలేకపోయావా అమ్మా, అది మా మేక కాదని?" అంది. కోపంగా అనలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. నేను వెంట్రుక చూసి మేకని చెప్పగలననీ, ఎవరి మేకో చెప్పలేననీ అన్నాను. "మరి చెప్పావుగా" అంది. 

నీ గురించి అడిగింది. ఉద్యోగం పోయేలా ఉందన్నాను. "మీ తమ్ముడు మంచోడే. మేకని కట్టేటప్పుడు తల పక్కకి తిప్పుకునేవాడు" అంది.

తిరిగొచ్చే బస్సులో ఆ మాటని ఎన్ని రకాలుగా తిప్పి చూశానో. మెచ్చుకుందా? ఉమ్మేసిందా? ఆవిడ మొహంలో ఏమీ కనపడలేదు. బస్సు దిగేసరికి ఒకటి మాత్రం నిజమనిపించింది. నువ్వు తల తిప్పుకున్నావు. నేను నీలం పోగుని చూసి వాంతి తెచ్చుకున్నాను, ఆ వాంతితోనే నా పని అయిపోయిందనుకున్నాను. అసహ్యం వేస్తే చాలు, మనం మంచివాళ్ళమని మనకి మనం సర్టిఫికెట్ ఇచ్చుకుంటాం.

ఇంకో సంగతి, నువ్వు నవ్వుతావు. నాకు శిక్షేమీ పడలేదు. నమూనాలు ఎలా సేకరించాలో నియమాలు రాసే కమిటీలో నన్ను సభ్యురాలిగా వేశారు. పెద్దసారే సిఫారసు చేశాడట, "నిజాయితీగల మనిషి" అని రాసి. ఆ కాగితం వచ్చిన రోజు అన్నం సయించలేదు. రాజీనామా రాశాను, ఇంకా ఇవ్వలేదు.

చిరుతలు మళ్ళీ వేటాడతాయా అన్నావు. తెలియదు. కొన్ని వేటాడతాయి. కొన్ని మనుషుల ఇళ్ళ చుట్టూ తిరిగి దెబ్బలు తింటాయి. ఇంతకన్నా తేల్చి చెప్పమంటే చెప్పను, ఒకసారి తేల్చాను.

నీకు గడువెందుకు ఇవ్వలేదని అడిగావు. చాలా ఆలోచించాను. గడువిస్తే నువ్వు ఒప్పుకోవని భయపడ్డాననే ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. అది అంత నిజం కాదు. నువ్వు ఒప్పుకుంటావేమోనని భయపడ్డాను. అప్పుడు మంచిపని నువ్వు చేసినవాడివవుతావు, తప్పు రిపోర్టు రాసినదాన్ని నేనొక్కదాన్నే మిగులుతాను. ఇది రాయడానికి నాలుగు కాగితాలు చించాను.

రానా అని అడిగావు. వెనకగది ఖాళీగానే ఉంది. మీ బావ నన్ను అడక్కుండానే పాత పుస్తకాలు తీయించి, మంచం వేయించారు, కిటికీకి జల్లెడ తలుపు బిగించారు. "వాడెక్కడికి పోతాడే, నీ తమ్ముడు కాడూ?" అంటున్నారు. ఆయనకి ఇది అంత తేలిక. రోజూ పొద్దున్న లేచి నిన్ను చూడాలి. నువ్వు నవ్విస్తావు, నేను నవ్వుతాను, నాకు తెలుసు. నవ్విన మరుక్షణం ఆ షెడ్లలో నంబర్లు గుర్తొస్తాయి, నీ మీద అసహ్యం వేస్తుంది. తర్వాత నా మీద వేస్తుంది. నీ మొహం చూడకుండా ఉంటే రెండూ వెయ్యవు, అదింకా నీచంగా ఉంటుంది.

ముప్పై ఒకటి ఇంకా పదిహేను రోజులుంది. నిన్ను రమ్మనాలో వద్దనాలో నాకు తెలియడం లేదు. తెలిశాక రాద్దామని ఈ ఉత్తరం వారం ఆపాను. తెలియకుండానే పోస్టు చేస్తున్నాను.

అక్క